పడవ డబ్బా

26-4-97, శనివారం

ఈ పుస్తకంలో ముందు వైపు స్కూలు సామాను లెక్క ఉంది. సుద్దముక్కలు, ఫినాయిలు, చీపుళ్ళు, నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజులు. ఇవాళ పుస్తకం తిరగేసి వెనక నుంచి మొదలుపెడుతున్నాను. ఇటు వైపు ఎవరూ చూడరు.

మా అమ్మాయి ప్రసన్న విద్యార్థి మండలికి పేరిచ్చింది. ఒకటో క్లాసు నుంచి ఐదో క్లాసు వరకు అందరికీ కలిపి ఒక లీడరు. నాలుగో క్లాసు నుంచి ఇదీ, బస్సు డ్రైవరు ముత్తన్న కూతురు సరితా నిలబడ్డారు. ఐదో క్లాసు నుంచి బాబు అని బంగారం కొట్టు వాళ్ళబ్బాయి.

నన్ను అడగలేదు. అడిగితే వద్దనేవాణ్ణి. అప్పుడు ఎందుకని అడిగేది.

ముత్తన్న బస్సు కడుగుతూ అక్కణ్ణుంచే అరిచాడు. "అబ్బులన్నా! నీ బిడ్డ, నా బిడ్డ కొట్లాటకు దిగిన్రు. మనం ఎవలకు ఓటేద్దాం?"

"మనకి ఓటు లేదుగా" అన్నాను.

"ఈ దేశంల మనకేమున్నది తియ్యి" అని నవ్వాడు.

పోయిన ఏడు లీడరంటే ప్రార్థనలో వరస నిలబెట్టడం, ఆటల బంతులు లెక్క చూసుకోవడం. అంతవరకే అయితే ఏమీ కాదు.

27-4-97, ఆదివారం

నోటీసు బోర్డుకు కాగితం నేనే అంటించాను. నాకు ఇంగ్లీషు మెల్లగా వస్తుంది. నేను బడికి వెళ్ళలేదు, కిరాణా కొట్లో పొట్లాల కాగితాల మీద నేర్చుకున్న చదువు. అందుకని నాలుగుసార్లు చదివాను.

గెలిచిన పిల్లని ఈసారి అన్ని స్కూళ్ళ పిల్లల సభకు తీసుకువెళతారు. ఫొటో పేపర్లో వేస్తారు. పాసుపోర్టు, వీసా పేజీ కాపీలు ముందుగా ఆఫీసులో ఇవ్వాలి.

ప్రసన్న వీసా గడువు తీరి రెండేళ్ళు. పాసుపోర్టు కూడా పోయిన ఏడు తీరిపోయింది. అరాద్‌లో నా భార్య మల్లేశ్వరి పనిచేసే అరబ్బుల ఇంటి ముసలామె దయ తలచి తీయించిన వీసా అది. ఆవిడ పోయాక కొడుకులు మల్లేశ్వరి వీసా ఒక్కటే కొత్తది చేయించారు. పిల్ల ఎందుకు, ఊరు పంపించెయ్యండి అన్నారు. పంపించేశామని చెప్పాం. చెప్పింది నేనే. వాళ్ళు నమ్మారు.

అప్పటినుంచి పిల్ల ముహర్రక్‌లో, స్కూలు వెనక వాచ్‌మన్ గదిలో, నా దగ్గర. అరాద్ వైపు వెళ్ళకూడదని దానికి చెప్పాం. ఎందుకో చెప్పలేదు. స్కూలు ఫైల్లో పాత కాపీ ఉంది. నేను స్కూలు మనిషిని కాబట్టి కొత్తది ఇమ్మని ఎవరూ అడగలేదు.

ఆ అరాద్ ఇంటికి పేపరు రోజూ వస్తుంది. మడత విప్పి బల్ల మీద పెట్టేది మల్లేశ్వరే.

28-4-97, సోమవారం

అది గెలవదు. బాబు వాళ్ళ నాన్న ఐదు క్లాసులకీ చాక్లెట్లు పంచాడు. సర్దుకుంటుంది.

30-4-97, బుధవారం

అన్నం దగ్గర అడిగాను.

"పేరు వెనక్కి తీసుకోమ్మా."

"ఎందుకు?"

"చదువు పాడవుద్ది."

"నాకు ఫస్టొచ్చింది కదా నాన్నా."

"ఎండలో తిరగాలి."

"నువ్వు తిరగట్లేదా?"

"సరిత నీ ఫ్రెండు కదా. దాని మీద పోటీ ఏవిటి?"

"అదే నిలబడమంది. ఇద్దరం నిలబడితే ఒకళ్ళమైనా గెలుస్తామంట. బాబుగాడు గెలిస్తే బంతులన్నీ వాడి క్లాసులోనే పెట్టుకుంటాడు. ఆడపిల్లలకి ఒక్కటీ ఇవ్వడు."

నా దగ్గర ఇంకో మాట లేదు. ఉంది. అది చెప్పలేదు.

2-5-97, శుక్రవారం

మల్లేశ్వరి సాయంత్రం పెందలాడే వచ్చింది. సంచీ నిండా ఖర్జూరం గింజలు. రంజాన్ నుంచి ఆ ఇంట్లో దాచి, కడిగి, ఎండబెట్టిందట. మా స్కూల్లో ఓటంటే ఖర్జూరం గింజే. ఒకటో క్లాసు పిల్లలు పేర్లు చదవలేరు గనక పెద్ద మిస్, అంటే మా హెడ్మిస్ట్రెస్, ఈ పద్ధతి పెట్టింది. నిలబడ్డ ప్రతి పిల్లకీ ఒక పాలపొడి డబ్బా, దాని మీద ఒక బొమ్మ. పిల్లలు ఒక్కొక్కరే గదిలోకి వెళ్ళి తమకి ఇష్టమైన డబ్బాలో గింజ వేసి వస్తారు.

"మా వంశంలో పదిమందిలో నోరు విప్పిన ఆడది లేదు. ఇది మైకులో మాట్లాడుద్దంట" అని మల్లేశ్వరి ఒకటే సంబరం. రిబ్బన్లు కూడా కొనుక్కొచ్చింది.

అప్పుడు నోటీసు సంగతి చెప్పాను. రిబ్బన్లు చేతిలోనే ఉండిపోయాయి.

"గెలిచాక జ్వరమని చెబుదాం" అంది చివరికి.

"ఫొటో?"

"అయితే దానికి చెప్పేయండి."

"నువ్వు చెప్పు."

"తండ్రి మీరు."

"తల్లివి నువ్వు."

ఇద్దరం చెప్పలేదు. అది బయట నేల మీద సుద్దతో పడవ గీస్తోంది. దాని గుర్తు పడవ. సరితది చిలుక. బాబుది విమానం.

4-5-97, ఆదివారం

ప్రార్థనలో ముగ్గురూ మాట్లాడారు. నేను వెనక తుడుపుగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. బాబు కాగితం చూసి చదివాడు. సరిత భయపడి మధ్యలో ఆపేసింది. ప్రసన్న కాగితం తేలేదు. ఇంగ్లీషులో చెప్పింది, నాకు సగం అర్థమైంది. బంతులకి రోజూ ఒక క్లాసు వంతు పెడతానంది. తర్వాత రెండో క్లాసు పిల్లల్ని పేరుపేరునా పిలిచి ఏ ఆట కావాలని అడిగింది. ఒక్కరి పేరూ తప్పలేదు. బస్సు కోసం ఆగిన పిల్లలతో రోజూ అదే కూర్చుంటుంది, అందుకని అందరూ తెలుసు.

చప్పట్లు చాలాసేపు కొట్టారు.

నేను లోపలికి వెళ్ళి మెట్లు తుడిచాను. పొద్దున్న తుడిచినవే.

7-5-97, బుధవారం

నిన్న చిన్న క్లాసులు, ఇవాళ పెద్ద క్లాసులు ఓట్లు వేశాయి. డబ్బాల మూతల మీద పెద్ద మిస్ కాగితం పట్టీలు అంటించి అడ్డంగా సంతకం చేసింది. ఇక్కడ వారం సెలవు గురు, శుక్రవారాలు. లెక్క శనివారం ప్రార్థనలో, అందరి ముందూ. డబ్బాలు సామాను గదిలో పెట్టాం. తాళం నా దగ్గర.

డబ్బాలు మోసింది నేనే. ఏది బరువో చెయ్యి చెప్పింది.

8-5-97, గురువారం

ముత్తన్న వచ్చాడు. బస్సు కడగడానికి బకెట్టు, గుడ్డలు కావాలని తాళం తీసుకున్నాడు. తెచ్చుకున్నాక నా గది ముందు కూర్చుని చాయ్ తాగాడు.

"నీ బిడ్డనే గెలుస్తది అన్నా. మా సరిత గూడ ఇంట్ల గదే అంటున్నది. నాకు జర కడుపుమంటనే గని ఏం జేస్త" అని నవ్వాడు. తాళం ఇచ్చేసి వెళ్ళాడు. తాళం పుస్తకంలో రాశాను.

9-5-97, శుక్రవారం

మధ్యాహ్నం నమాజు వేళ. వీధిలో మనిషి లేడు. మల్లేశ్వరి అరాద్‌లో ఉంది. ప్రసన్న సరిత వాళ్ళింటికి ఆడుకోవడానికి వెళ్ళింది.

చూద్దామనే తలుపు తీశాను. ఓడిపోతుందని తెలిస్తే స్థిమితంగా ఉండొచ్చని. పట్టీ చివర బ్లేడు పెట్టాను, అది తెగిపోయింది. తెగాక చూడకుండా ఉండి లాభమేముంది.

పడవ 143. చిలుక 91. విమానం 70. మొత్తం 304. ఎనిమిదిమంది రాలేదు. మళ్ళీ లెక్కపెట్టాను. పడవ 143.

తీసేస్తే మొత్తం తగ్గుతుంది. పెద్ద మిస్‌కి హాజరు లెక్క తెలుసు. అందుకని తీసినవి చిలుకలో వేశాను. నలభై. రెండు గుప్పిళ్ళు. ముత్తన్న కూతురికే కదా వేశాను, పరాయివాళ్ళకి కాదు. ఏ పిల్ల అయినా ఒకటే. ఇద్దరూ ఒకే బెంచీ.

పట్టీలు జిగురుతో అతికించాను. తాళం పుస్తకంలో ఏమీ రాయలేదు.

పిల్ల సాయంత్రం వచ్చి "రేపు నా జడలు గట్టిగా వెయ్యి నాన్నా, ఊడిపోకూడదు" అంది.

10-5-97, శనివారం

అందరి ముందూ లెక్కపెట్టారు. చిలుక 131, పడవ 103, విమానం 70. ముందు చప్పట్లు కొట్టింది ప్రసన్నే. సరితని ఎత్తుకోబోయి ఇద్దరూ కింద పడ్డారు. పిల్లలు నవ్వారు. నాకు ఊపిరి వచ్చింది.

అప్పుడు బాబు చెయ్యెత్తాడు. "మిస్, పడవ డబ్బాకి కాగితం తెగి ఉంది. చిలుకకి, విమానానికి కూడా."

పెద్ద మిస్ పట్టీ వెలుతురులో పెట్టి చూసింది. సంతకంలో రెండు ముక్కలూ కలవలేదు. రెండో క్లాసు టీచరు లేచి, మా పిల్లలంతా పడవకే వేశామని చెప్పారే అంది.

"తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే."

"తాళం పుస్తకం తీసుకురా."

తెచ్చాను. ఆవిడ నాతో హిందీలో మాట్లాడుతుంది, నాకు తెలిసినట్టు రాస్తున్నాను. సెలవు రోజుల్లో ఆ పుస్తకంలో ఒక్కటే వరస ఉంది. గురువారం, ఉదయం 10 గంటలు, ముత్తన్న, బకెట్టు, గుడ్డలు. 10.20కి తాళం తిరిగి ఇచ్చాడు.

"బకెట్టుకి ఇరవై నిమిషాలా?" అంది.

పది నిమిషాలు నాతో చాయ్ తాగాడు. చాయ్ పుస్తకంలో రాయను.

"ఐదేళ్ళుగా నీ పుస్తకం చూస్తున్నాను అబ్బులూ. ఒక్క గీత తప్పు చూడలేదు" అంది.

నేను పుస్తకం తీసుకుని వచ్చేశాను.

11-5-97, ఆదివారం

ఫలితం ఆపేశారు. రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఎవరూ చూడలేదు. చూడనిదాన్ని ఏమీ చెయ్యలేరు.

12-5-97, సోమవారం

ముత్తన్న ఇవాళ నవ్వలేదు.

"నీ పుస్తకంల నా పేరొక్కటే ఉన్నదంట గదా అన్నా."

"తీసుకున్నావు కాబట్టి రాశాను."

"రాసుడు తప్పంటలేను. నేను నీతోని చాయ్ తాగిన గదా. ఆ ముచ్చట పెద్ద మిస్‌కు జెప్పు. అప్పుడు ఇరవై నిమిషాలెక్కడ పోయినయో తెలుస్తది."

"చెబుతాను."

"ఇయ్యాలనే జెప్పు."

ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాను. చాయ్ సంగతి చెబితే ముత్తన్న కాదని తేలుతుంది. ముత్తన్న కాకపోతే ఇంకెవరు అంటారు. తాళం ఇద్దరి చేతుల్లోనే ఉంది.

పూలకుండీకి నీళ్ళు పోసి వచ్చేశాను.

13-5-97, మంగళవారం

స్కూలు యజమానే ముత్తన్నకి కఫీల్, వీసాకి పూచీ పడ్డ మనిషి. ఆయన నెలాఖరుకి ఖలాస్ అన్నాడట. ఉద్యోగం పోతే ముత్తన్న వీసా పోతుంది, దాంతో పెళ్ళానిదీ పిల్లదీ కూడా. ముగ్గురూ విమానమెక్కాలి.

మధ్యాహ్నం ముత్తన్న పెళ్ళాం ముత్తెమ్మ ఎండలో గలాలీలో వాళ్ళింటి నుంచి నడిచి వచ్చింది. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"ఆయన దొంగ గాదన్నా. గింజలు దొంగతనం జేసుడేంది? తినేటియా, అమ్మేటియా?" అని కొంగు నోట్లో పెట్టుకుంది. "పోరి అన్నం ముడుతలేదు. అందరు దొంగచిలుక, దొంగచిలుక అంటున్రట. రేపటి సంది బడికి పోనంటున్నది. నువ్వు పెద్దమనిషివి, నీ మాట ఇంటరు. ఒక్క మాట జెప్పన్నా."

చెబుతానన్నాను. ఆ మాట అనడం ఇది రెండోసారి.

14-5-97, బుధవారం

సరిత బడికి వచ్చింది. ప్రసన్నే వాళ్ళింటికి వెళ్ళి తీసుకొచ్చిందట. నాకు చెప్పకుండా పొద్దున్నే లేచి గలాలీ దాకా ఒక్కతే నడిచి వెళ్ళింది. దారిలో ఎవరైనా ఆపి కాగితం అడిగి ఉంటే.

చెయ్యెత్తాను. కొట్టలేదు.

ఇంటర్వెల్‌లో చూశాను. సరిత చుట్టూ బెంచీలు ఖాళీ. పక్కన ఇదొక్కతే కూర్చుని ఉప్మా తింటోంది. ఐదో క్లాసు వాడొకడు వచ్చి, "నీ ఓట్లు తినేసింది కదే, దాని పక్కన కూర్చున్నావేంటి?" అన్నాడు.

"నీకు ఉప్మా కావాలా?" అంది ఇది.

వాడు వెళ్ళిపోయాడు.

అన్నం దగ్గర అడిగింది. "ముత్తన్న మావయ్య అలాంటి పని చేస్తాడా నాన్నా?"

"చెయ్యడు."

"మరి ఎవరు చేశారు?"

"అన్నం తిను."

అది తినలేదు. నేను తిన్నాను.

15-5-97, గురువారం

సర్దు

16-5-97, శుక్రవారం

మల్లేశ్వరి గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా అడిగింది. "మీరేనా?"

నేను మాట్లాడలేదు. ఆవిడకి నా మాటలకంటే ఇదే బాగా అర్థమవుతుంది.

"ఎన్ని తీశారు?"

"నలభై."

వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "అంటే నా కూతురే గెలిచింది."

ఏడ్చింది. దేనికో నేను అడగలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ముత్తెమ్మ నాకు వదినె వదినె అంటూ పచ్చడి పంపుద్ది. నేనా సీసా ఎలా తిరిగి ఇవ్వను?" అంది.

"చెబితే మనం పోతాం."

"చెప్పకపోతే వాళ్ళు పోతారు. వాళ్ళ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మనకి లేవు. పోవలసింది ఎవరు?"

పదహారేళ్ళ కాపురంలో నాతో ఇంత గట్టిగా మాట్లాడలేదు.

17-5-97, శనివారం

చెప్పాను.

ప్రార్థన అయ్యాక ఆఫీసులోకి వెళ్ళి నిలబడ్డాను. పెద్ద మిస్ ఏదో రాస్తోంది. కూర్చోమంది, కూర్చోలేదు. కూర్చుంటే లేచి వచ్చేస్తానని భయం. ముత్తన్న నాతో చాయ్ తాగాడు, గింజలు మార్చింది నేను, అసలు లెక్క ఇది అని మూడు అంకెలూ చెప్పాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "నీ కూతురు గెలిచిన ఓట్లు నువ్వే తీశావా? మతి పోయిందా?"

అప్పుడు వీసా సంగతి చెప్పాను. రెండేళ్ళని చెప్పాను. పాసుపోర్టు తీరిందని చెప్పాను. అరాద్ వాళ్ళకి అబద్ధం చెప్పామని కూడా చెప్పాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు.

ఆవిడ చెయ్యెత్తి ఆపమంటోంది. ఎందుకో నాకు తెలియలేదు. చెప్పడం పూర్తయ్యాక తెలిసింది. పక్క గది తలుపు తీసి ఉంది. అక్కడ గుమాస్తా వెంకటరాజు, ఫీజు కట్టడానికి వచ్చిన ఇద్దరు తండ్రులు. టైపు చప్పుడు ఆగిపోయి ఉంది.

పెద్ద మిస్ లేచి తలుపు వేసింది.

"నాకు తెలుసు అబ్బులూ" అంది.

ఏది తెలుసని అడిగాను.

"వీసా. రెండేళ్ళుగా ఆ ఫైలు నేనే చూస్తున్నాను. పాత కాపీ పైన పెట్టి తేదీ కనపడకుండా నెట్టుకొస్తున్నాను. ఆ సభకి రెండో స్థానం వచ్చిన పిల్లని పంపేదాన్ని. ఫొటోకీ ఆ పిల్లనే నిలబెట్టేదాన్ని. మీ అమ్మాయి ఇక్కడ స్కూల్లో లీడరుగా ఉండేది. ఒక్కసారి వచ్చి మిస్, ఏం చెయ్యను అని అడిగితే సరిపోయేది."

ఆవిడ మళ్ళీ తలుపు వైపు చూసింది.

"నువ్వు చెప్పనంత కాలం నాకు తెలియనట్టే. ఇప్పుడు నలుగురూ విన్నారు. ఇంక నాకు తెలియదని ఎలా అనను?"

ముత్తన్న సంగతి అడిగాను. ముత్తన్న ఉంటాడంది. నన్ను ఉంచేదీ లేనిదీ యజమాని చెబుతాడంది. ప్రసన్న పేరు రిజిస్టరులోంచి ఇవాళే తీసెయ్యాలంది. అది మాత్రం నా ఎదురుగా చెయ్యలేదు. బయటికి వెళ్ళమంది.

గోడ పక్కన ముత్తన్న బస్సు దగ్గర నిలబడ్డాడు. అప్పటికే తెలిసిపోయింది.

"నన్ను దొంగను జేసినవ్ గదనే."

"తప్పయింది ముత్తన్నా."

"నా ఎదురుంగ కూసొని చాయ్ తాగినవ్. తెల్లారి నా బిడ్డ డబ్బల చెయ్యి వెడితివి. ఆమెను ఊరంత దొంగ అన్నది. నీ బిడ్డకు కాయితాల్లేకుంటె నాకొక్క మాట జెప్పకపోతివా? మనం ఈడికొచ్చి ఎన్నేండ్లు?"

"ఐదు."

"ఐదేండ్లు" అని గుడ్డ బకెట్టులో విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

18-5-97, ఆదివారం

ప్రసన్న యూనిఫారం వేసుకుని కూర్చుంది. బడికి వెళ్ళక్కర్లేదని చెప్పాలి కాబట్టి మొత్తం చెప్పాను. మల్లేశ్వరి పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకుంది.

విన్నంతసేపూ నా మొహమే చూసింది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"సరిత దొంగ కాదని అందరికీ చెప్పారా?"

"ఇవాళ ప్రార్థనలో చెబుతారు."

లేచి గది గుమ్మంలో నిలబడింది. ప్రార్థన అయ్యేదాకా అక్కడే నిలబడి మైకులో మాటలు విన్నది. పెద్ద మిస్ చెప్పింది. ఓట్లు మళ్ళీ వేస్తారు, రెండే డబ్బాలతో.

లోపలికి వచ్చి యూనిఫారం విప్పి మడత పెట్టింది. తర్వాత నాతో మాట్లాడలేదు.

19-5-97, సోమవారం

మాట్లాడలేదు.

మల్లేశ్వరి అరాద్‌లో నిజం చెప్పి వచ్చింది. పెద్ద కోడలు తిట్టలేదట. రెండేళ్ళు రోజూ మా ఎదురుగా తిరుగుతూ ఎలా దాచావని మాత్రం అడిగిందట. పిల్లతో పాటు వెళ్ళిపోతానని చెబితే సరేనన్నారట.

వాళ్ళిద్దరూ వెళతారు. నేను ఈ నెలాఖరు దాకా ఉంటాను, ఆ తర్వాత తెలియదు. ముందు పిల్లకి ఎంబసీలో, పాసుపోర్టు బదులు దేశం దాటడానికిచ్చే ఔట్‌పాస్ తీసుకోవాలి, తర్వాత ఇమిగ్రేషన్.

20-5-97, మంగళవారం

పొద్దున్న ఆరున్నరకి గేటు ముందు హారను మోగింది. ముత్తన్న.

"నీ కోసం గాదు. పిల్ల ఎండల నడుస్తదని వచ్చిన. ఎనుక కూసో, నాతోని మాట్లాడకు" అన్నాడు. ఎంబసీ ఉన్న మనామా దాకా ప్రసన్న ముందు సీట్లో కూర్చుని ఆయనతో ఏవో చెబుతూనే ఉంది. వంతెన మీద ఒకసారి ఇద్దరూ నవ్వారు.

ఎంబసీ వరండాలో ఏడింటికే జనం. అందరూ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. నేను వరసలో నాలుగోవాణ్ణి. ఫారం తెచ్చి ప్రసన్నకిచ్చాను. గోడకి ఆనుకుని కూర్చుని తన ఫారం తనే నింపుకుంది. నా పేరు దగ్గర ఆగలేదు. తండ్రి పేరు, అబ్బులు. గబగబా రాసేసింది.

పక్కన ఒకావిడ వంగి చూసింది. "ఓయమ్మ, ఇంతున్నావు, ఇంగిలీసు రాస్తన్నావే! నాదీ కాస్త రాసిపెట్టమ్మా. నా పేరు నరసాయమ్మ, మాది రాజోలు."

రాసింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ వచ్చింది.

"నేను అంజవ్వను బిడ్డా. మాది మెట్‌పల్లి దిక్కు. నన్ను దుబాయి అని తోలిండ్రు, ఈడికొచ్చినంక ఇది దుబాయి గాదంటున్రు."

"పుట్టిన తేదీ అవ్వా?"

"గదెవలకెరుక. ఓ తాప వానలు దంచి కొట్టినయట, అప్పుడు."

"కఫీల్ పేరు?"

"బాబా అంటం. బాబా అనే రాయి."

"అది పేరు కాదవ్వా. ఇంటికొచ్చినవాళ్ళు ఆయన్ని ఏమని పిలుస్తారు?"

అంజవ్వ చాలాసేపు ఆలోచించి ఒక పేరు చెప్పింది. చెప్పి తనే ఆశ్చర్యపోయింది.

గంటలో ప్రసన్న చుట్టూ పదిమంది. ఒకర్నొకరు తోసుకుంటున్నారు. ఇది లేచి నిలబడింది. "అందరికీ రాస్తాను. ముందు కూర్చోండి. ఎవరు త్వరగా ఇంటికి వెళ్ళకపోతే తిడతారు? వాళ్ళు ఇటు రండి."

కూర్చున్నారు. తల్లి వయసువాళ్ళు, నాయనమ్మ వయసువాళ్ళు, అందరూ.

కిటికీ తెరిచారు. నా వంతు రాబోతుంటే ప్రసన్న నరసాయమ్మని చెయ్యి పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టింది. ఆవిడ పదింటికల్లా వెళ్ళకపోతే ఆ ఇంట్లో తలుపు తియ్యరట. నాతో ఏమీ అనలేదు. నేను ఒకడుగు వెనక్కి వేశాను. తర్వాత అంజవ్వని తెచ్చింది. తర్వాత చేతికి కట్టు ఉన్న ఒక పిల్లని. నేను వెనక్కి జరుగుతూనే ఉన్నాను. ఒకసారి, ముందు మనది కానీ అని చెబుదామని నోరు తెరిచాను. అది అప్పుడు ఒకావిడ కళ్ళు తుడుస్తోంది.

పదకొండు ఫారాలు లెక్కపెట్టాను. పన్నెండోది మాది.

పన్నెండు గంటలకి కిటికీ మూశారు. నా ముందు ఎవరూ లేరు. చెక్క మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. లోపల్నుంచి ఎవరో రేపు రమ్మన్నారు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. వెనక్కి తిరిగాను. వరండా ఖాళీ. ప్రసన్న కింద కూర్చుని కలం విదిలిస్తోంది. వేళ్ళ నిండా సిరా. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తలెత్తి నన్ను చూసింది. మూడో రోజుకి.

"సిరా అయిపోయింది నాన్నా. రేపు ఇంకా చాలామంది వస్తారంట. ఇంకో పెన్ను కావాలి."

రెండు కొన్నాను.